నోటికి నోషనల్ సీనియారిటీ

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం జంతుశాస్త్రం పుస్తకంలో ఒక వాక్యం చాలా ఏళ్లుగా ఉంది. ‘వెన్నెముక గల జంతువుల పిండంలో మొదట ఏర్పడే రంధ్రం పాయువు అవుతుంది, నోరు తరవాత ఏర్పడుతుంది.’ పిల్లలు దాన్ని బట్టీ పట్టారు, పరీక్ష రాశారు, మరచిపోయారు. ఎవరికీ నష్టం జరగలేదు. పరాంకుశం గారు పాఠ్యాంశ శుద్ధి మండలికి అధ్యక్షుడు కాకపోతే ఇకముందూ జరిగేది కాదు.

పరాంకుశం గారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సర్వీసు సెక్షన్‌లోనే ఉన్నారు. ఇద్దరు మనుషులు కనబడితే వాళ్లలో ఎవరు సీనియరో తేలందే ఆయనకి కాఫీ దిగదు. ఒక పెళ్లిలో కవల తోడిపెళ్లికొడుకుల్ని చూసి, ముందు పుట్టినవాడెవడో కనుక్కుని, వాణ్ణి ముందు వరసకి మార్పించి, అప్పుడు అక్షింతలు వేశారు. రిటైరయ్యాక ప్రభుత్వం ఆయన్ని ఖాళీగా ఉంచలేక మండలిలో కూర్చోబెట్టింది. లెక్చరర్ల సీనియారిటీ తగాదాలు కూడా అభిప్రాయం కోసం ఆయనకే పంపేది.

ఆ తగాదాల్లో ఒకటి నూకరత్నానిది. ఆమె తుని వైపు మనిషి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఆ ఏడు మండలికి విషయ నిపుణురాలిగా డెప్యుటేషన్ మీద వచ్చింది. ఆమె, భీమశంకరం అనే బోటనీ లెక్చరరు ఒకే సెలక్షన్‌లో ఉద్యోగానికి ఎంపికయ్యారు. జాబితాలో ఆమె పేరు పైన, అతని పేరు కింద. అతనికి రాజమండ్రి ఇచ్చారు. ఆర్డరు చేతికొచ్చిన రోజే వెళ్లి చేరాడు. ఆమెకి చింతూరు ఇచ్చారు. అప్పుడు గోదావరి పొంగి రోడ్డు మీద పారుతోంది. నీళ్లు తీసేదాకా ఆగి, బురదలో నడిచి వెళ్లి చేరింది. ముందు చేరాడు కాబట్టి భీమశంకరం సీనియరని ఆఫీసు రాసుకుంది. అప్పటినుంచి ఆమె అర్జీలు పెడుతూనే ఉంది. ఇప్పుడు ప్రిన్సిపాల్ పోస్టు ఒక్కటి ఖాళీ అయింది. అది సీనియర్‌కి పోతుంది. ఇంకోటి ఖాళీ అయ్యేసరికి నూకరత్నం రిటైరవుతుంది.

మండలి ఆఫీసు గుంటూరు వెళ్లే రోడ్డు మీద, టైర్ల షాపు పైన ఉంది. మీటింగులో నూకరత్నం పాఠం చదువుతోంది. కింద ఎవరో టైరుకి గాలి కొట్టిస్తున్నారు. ఆమె ఆ వాక్యం దగ్గరికి వచ్చింది.

“ఆగండమ్మా,” అన్నారు పరాంకుశం గారు. “మొదట ఏది ఏర్పడుతుందన్నారు?”

“తొలి రంధ్రమండి. పిండం మొదట్లో బంతిలా ఉంటుంది. ఒకచోట లోపలికి నొక్కుకుపోతుంది. అక్కడ పడే రంధ్రం.”

“అది నోరే కదా?”

“వానపాము కోవలో నోరు అవుతుందండి. మన కోవలో పాయువు అవుతుంది.”

“అంటే వానపాముకి నోరు సీనియరు.”

“అలా అనుకోవచ్చండి.”

“మనకి?”

నూకరత్నం పుస్తకంలో ఆ వాక్యం మీద వేలు పెట్టింది. చెప్పనక్కర్లేకపోయింది. పరాంకుశం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ముఖ్యమంత్రి ప్రసంగించేది దేనితో? ప్రమాణ స్వీకారం చేసేది దేనితో? దానికి ఇది సీనియరా? ఇన్నేళ్లుగా ఈ అవకతవక ఆడిట్ కంట్లో కూడా పడలేదా?”

ఒక సభ్యుడు, ఆ వాక్యం కొట్టేస్తే పోతుంది కదా అన్నాడు.

“కొట్టేస్తే పుస్తకంలో పోతుంది. ఒంట్లో పోతుందా?” అన్నారు పరాంకుశం గారు. “సీనియారిటీ తప్పుంటే సవరించాలి. దాచకూడదు. అమ్మా, మీరు నోట్ పెట్టండి.”

మధ్యాహ్నం సూపరింటెండెంట్ రహీమున్నీసా డబ్బా విప్పుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. గుంటూరు మనిషి. మండలిలో ఏ కాగితం కదలాలన్నా ఆమె చేతిమీదుగానే కదలాలి.

“అక్కా, ఏం రాస్తారు? నోరు తరఫునా, దాని తరఫునా?”

“సైన్సు తరఫున.”

“సైన్సు ఎటు ఉంది?”

“కప్పలో అయితే వెనక వైపే ఉంది.” నూకరత్నం కాసేపు పెరుగన్నం కలుపుతూ కూర్చుంది. తరవాత గొంతు తగ్గించింది. “మనిషిలో కొంచెం వేరు రహీమున్నీసా. ముందు గుర్తు పడేది వెనక వైపే. కానీ రెండు చోట్లా పొర ఉంటుంది. నోటి దగ్గర పొర నాలుగో వారంలో చిరుగుతుంది. రెండోది ఇంకో మూడు నాలుగు వారాలకి గాని చిరగదు. అంటే తెరుచుకోవడం నోరే ముందు.”

“మరి ఆ ముక్క చెబితే పోయేదిగా! ఆయన శాంతిస్తాడు. మనం ఇంటికి పోతాం.”

“చెబితే ఏం రాస్తాడు? ముందు ఏర్పడటం కాదు, ముందు డ్యూటీలో చేరడమే లెక్క అని రాస్తాడు. అదే కలంతో నా ఫైలు మీద కూడా రాస్తాడు. భీమశంకరం రాజమండ్రిలో పొద్దున్నే చేరాడుగా.”

రహీమున్నీసా నమలడం ఆపింది.

“అల్లా! అయితే మీ ప్రమోషను దాని సీనియారిటీ మీద ఆధారపడి ఉందా?”

“మెల్లగా మాట్లాడు.”

“సరే అక్కా. నేను కూడా దాని పక్షమే.”

నూకరత్నం నోట్ పెట్టింది. ‘పుస్తకంలోని వాక్యం సరైనదే. ముందు ఏర్పడినదానికే సీనియారిటీ చెందుతుంది. ఎప్పుడు తెరుచుకున్నదన్నది పరిగణనలోకి రాదు.’ మనిషి పిండం గురించి ఒక్క ముక్క రాయలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు అనుకుంది. తన క్లాసులో పిల్లలు ఈ మాట అంటే ఆమె ఒప్పుకునేది కాదు.

పరాంకుశం గారు నోట్ చదివి, పక్కన పెట్టి, తన పద్ధతిలో తాను ఉత్తర్వు తయారు చేశారు. వారం తిరక్కుండా అది ప్రభుత్వం పేర వెలువడింది.

‘పైన చదివిన సూచికలను క్షుణ్ణముగా పరిశీలించిన మీదట, మానవ దేహమందు అధోద్వారము ఊర్ధ్వద్వారము కంటె ముందుగా ఏర్పడుట పాలనాపరమైన పొరపాటుగా గుర్తించడమైనది. విధుల ప్రాముఖ్యము, ప్రజా సంబంధములు, మర్యాద దృష్ట్యా నోరు పిండదశ మొదటి దినము నుండియే ఉన్నట్లు భావించి, దానికి నోషనల్ సీనియారిటీ మంజూరు చేయడమైనది. దీనివలన ప్రభుత్వముపై ఎట్టి ఆర్థిక భారము ఉండదు.’

పుస్తకం మారింది. ఆ మార్చిలో పరీక్షలో ప్రశ్న వచ్చింది: ‘మానవ పిండంలో మొదట ఏర్పడేది ఏది?’ నోరు అని రాసినవాళ్లకి రెండు మార్కులు. పాయువు అని రాసినవాళ్లకి సున్నా. ‘పాయువు, కానీ ప్రభుత్వం దృష్టిలో నోరు’ అని రాసిన ఒక కుర్రాడికి రెండు మార్కులూ వేసి, సివిల్ సర్వీసులకి పనికొస్తాడని పేపరు దిద్దిన ఆయన స్టాఫ్ రూంలో చెప్పాడు.

వ్యవహారం అంతటితో ఆగేదే. కానీ ఉత్తర్వు ప్రతులు అన్ని శాఖలకీ వెళ్లాయి. వైద్య శాఖలో ఒక అధికారికి బుర్ర పనిచేసింది. అవయవాలకి సీనియారిటీ ఉన్నప్పుడు వాటిని చూసే డాక్టర్లకి ఉండదా? ఆయన మెమో పంపించాడు. జిల్లా ఆస్పత్రిలో పళ్ల డాక్టర్లకి మొదటి అంతస్తులో గదులు, మీటింగుల్లో ముందు వరస కుర్చీలు, నీడలో కారు పెట్టుకునే జాగా వచ్చాయి. మొలల ఆపరేషన్లు చేసే డాక్టర్ త్రినాథ్‌ని జెనరేటరు పక్క గదిలోకి మార్చారు.

డాక్టర్ త్రినాథ్ ఓపికమంతుడు. ఆయన దగ్గరికి వచ్చే రోగులు చెప్పుకోలేని బాధతో వస్తారు. వాళ్లతో నెమ్మదిగా మాట్లాడి మాట్లాడి ఆయనకి నెమ్మది అలవాటైంది. కానీ జెనరేటరు పక్కన నెమ్మదిగా మాట్లాడితే వినపడదు.

“ఎన్నాళ్ల నుంచి రక్తం పడుతోంది?” అని ఆయన అరిస్తే కాంపౌండు గోడ అవతల టీ కొట్టుకి వినపడుతోంది. రోగులు తలవంచుకుని వెళ్లిపోవడం మొదలెట్టారు. డాక్టరు సమ్మె నోటీసు ఇచ్చాడు. ఆపరేషన్లు ఆగిపోయాయి. రోగులు కలెక్టరేట్ ముందు ధర్నా చేశారు. అది జిల్లా చరిత్రలో ఒక్కరు కూడా కూర్చోని ధర్నా. పోలీసులు కూర్చోమని ఎంత బతిమాలినా కూర్చోలేదు.

ఇది చూసి మిగతా అవయవాల వాళ్లు లేచారు. అన్నిటికన్నా ముందు పని మొదలెట్టేది గుండె అని గుండె డాక్టర్లు అర్జీ ఇచ్చారు. చిన్నమెదడుని చిన్న అనడం సర్వీసులో మచ్చ అని నరాల డాక్టర్లు ఫిర్యాదు చేశారు. పరాంకుశం గారికి ఆ రోజుల్లో ఒళ్లు తెలియలేదు. అవయవాల తాత్కాలిక సీనియారిటీ జాబితా ప్రకటించి అభ్యంతరాలు పిలిచారు. పాలపళ్లని ప్రొబేషన్ కూడా పూర్తి కాకుండా తొలగించడం మీద సంజాయిషీ కోరారు. అందరి తరవాత చేరి, చేరినచోట నొప్పి పెట్టి, చివరికి పీకించుకునే జ్ఞానదంతాన్ని కాంట్రాక్టు ఉద్యోగి కింద చూపించారు. బొడ్డుకి పుట్టిన రోజే పని అయిపోయింది కాబట్టి రిటైరైనట్టు రాశారు. దాని తరఫున ఎవరూ రాలేదు. దానికి స్పెషలిస్టు లేడు.

నూకరత్నం ఇవన్నీ చూస్తూ ఉంది. తన నోట్ ఫైల్లో కింద పడింది. నోటికి నోషనల్ సీనియారిటీ వచ్చింది కాబట్టి రేపు భీమశంకరానికి కూడా అలాగే ఏదో ఒకటి రాసేస్తారు. ఉన్న ఒక్క ఆశా ఆ డాక్టరు సమ్మె. ఆయన గెలిస్తే ముందు ఏర్పడినదే సీనియరని తేలుతుంది. ఆమె పేరు జాబితాలో పైన ఉంది.

సమ్మె ముదరడంతో ప్రభుత్వం పరాంకుశం గారినే విచారణ జరిపి తేల్చమంది. విచారణ రోజు నూకరత్నం మెట్లెక్కుతుంటే గోడకి ఆనుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా. ఆర్టీసీ డ్రైవరు, పేరు కోటయ్య.

“అమ్మా, తమరేనంటగా సైన్సు మేడమ్?”

“అవును. లోపల కుర్చీలున్నాయి, కూర్చోండి.”

“కూర్చోగలిగితే ఇక్కడికెందుకొత్తానమ్మా?” అన్నాడు కోటయ్య. “నా ఆపరేషను ఆగిపోయింది. సెలవులైపోయినయ్. బస్సు నిలబడి నడిపేది కాదు గదా. నోరు పెద్దదో అది పెద్దదో నాకొద్దు తల్లీ. ఏదో ఒకటి నిజం చెప్పి తేల్చేయండి. నిలబడి నిలబడి పిక్కలు పట్టేసినయ్.”

“నిజం చెబితే తేలుతుందంటారా?”

“ఏమో. అబద్ధం చెబితే మాత్రం ఇదిగో, ఇట్టా అయింది.”

ఆయనకి ఏమీ తెలిసి అన్న మాట కాదది. అయినా నూకరత్నానికి మిగతా మెట్లు ఎక్కడం కష్టమైంది.

హాల్లో ఒక పక్క పళ్ల డాక్టర్లు కూర్చున్నారు. ఇంకో పక్క త్రినాథ్ ఒక్కడూ కూర్చున్నాడు. ఆయన వెనక రోగులు వరసగా నిలబడ్డారు. పరాంకుశం గారు కండువా సర్దుకున్నారు.

“విషయ నిపుణురాలు రికార్డు కోసం చెప్పాలి. మానవునిలో, నేను మానవుని గురించే అడుగుతున్నాను, కప్ప గురించి కాదు, నోరు నిజంగానే తరవాత వస్తుందా?”

రహీమున్నీసా మినిట్స్ రాసుకుంటోంది. కలం ఆపి నూకరత్నం వైపు చూసింది. కళ్లతోనే వద్దంది.

నూకరత్నం లేచి చెప్పింది. గుర్తు ముందు వెనక వైపే పడుతుందని, కానీ రెండు చోట్లా పొర కప్పి ఉంటుందని, నోటి పొర ముందు చిరుగుతుందని, రెండోది ఆలస్యంగా చిరుగుతుందని. ఇది తనకి మొదటి నుంచీ తెలుసునని, నోట్‌లో రాయలేదని కూడా చెప్పి కూర్చుంది.

పరాంకుశం గారి మొహం వెలిగింది.

“అంటే నోరు ముందు డ్యూటీలో చేరింది!”

“చేరిందండి.”

“అయితే నోషనల్ ఎందుకు? ఇది సొంత సీనియారిటీ! చేరిన తేదీయే ప్రమాణం! సూపరింటెండెంట్ గారూ, రాసుకోండి.”

పళ్ల డాక్టర్లు పళ్లు కనబడేలా నవ్వారు. నూకరత్నం బల్ల మీది గీతలు చూస్తూ కూర్చుంది. ప్రిన్సిపాల్ పోస్టు రాజమండ్రి వైపు వెళ్లిపోవడం ఆమెకి కనబడుతూనే ఉంది.

డాక్టర్ త్రినాథ్ లేచాడు. జెనరేటరు అలవాటు పోక ఆయన గొంతు హాలంతా మోగింది.

“సార్! ఒక్క సందేహం. ఆ పొర కప్పిందెవరు?”

“ఎవరు కప్పడమేమిటి? పిండంలో అలాగే ఉంటుందని ఆవిడ చెప్పారుగా.”

“నేను కప్పుకున్నానా? మా అవయవం కప్పుకుందా?”

“కాదనుకోండి.”

“ముందు ఎంపికైంది మేము. వచ్చి మా స్థానంలో నిలబడ్డాం. తలుపు మూసి ఉంది. లోపలికి రానివ్వలేదు. నోటి తలుపు తీశారు, మా తలుపు తీయలేదు. చేరడానికి వచ్చినవాడికి తలుపు తీయకపోతే ఆ ఆలస్యం వచ్చినవాడిదా, తీయనివాడిదా? మీరు సర్వీసు రూల్స్‌లో పెద్దవారు. మీరే చెప్పండి.”

నూకరత్నం తలెత్తింది. ఆమెకి చింతూరు రోడ్డు మీద నీళ్లు కనబడ్డాయి.

పరాంకుశం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన సైన్సుకి ఎదురు వెళ్లగలరు. డాక్టర్లకి ఎదురు వెళ్లగలరు. ఉన్నమాటకొస్తే శరీరానికే ఎదురు వెళ్లారు. రూలుకి ఎదురు వెళ్లడం ఆయన రక్తంలో లేదు. కళ్లు మూసుకుని, సంధ్యావందనం మంత్రం చెప్పినట్టు చెప్పారు:

“ఉద్యోగికి సంబంధము లేని కారణములచే చేరుటలో జాప్యము జరిగినచో, ఎంపిక క్రమమునందలి సీనియారిటీకి భంగము వాటిల్లదు.”

కళ్లు తెరిచి, నీరసంగా అన్నారు: “రాసుకోండి. పాయువే సీనియర్.”

నిలబడినవాళ్లు చప్పట్లు కొట్టారు. కోటయ్య, “ఆపరేషను రేపేనా సార్?” అని అడిగాడు. రేపేనన్నాడు త్రినాథ్. పళ్ల డాక్టర్లని నొప్పించకుండా, ‘మాట్లాడే అధికారము నోటికి యథాతథముగా కొనసాగును’ అని ఉత్తర్వులో ఒక వాక్యం కలిపారు.

ఆ సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక రహీమున్నీసా తనే కంప్యూటరు ముందు కూర్చుంది.

“చెప్పండక్కా, టైపు చేస్తాను. పాత అర్జీలన్నిట్లో ఏం రాశారు?”

“గోదావరి పొంగిందని.”

“అది ప్రకృతి, మా పూచీ కాదు అంటారు. అందుకే తిప్పి పంపారు. ఇప్పుడు దానికన్నా పెద్ద ప్రకృతి దొరికింది మీకు.”

అర్జీ నాలుగు వాక్యాలైంది. చివరిది రహీమున్నీసా సొంతం: ‘పాయువునకు పొర ఎట్టిదో అర్జీదారునకు గోదావరి వరద అట్టిదని సవినయముగా మనవి.’

“ఇది తీసెయ్,” అంది నూకరత్నం. “నా పేరు దాని పక్కన ఏమిటి?”

“తీసేస్తే ఆధారం పోతుంది. ఆధారం లేని అర్జీలు ఇన్నేళ్లూ పెట్టారుగా. ఏమొచ్చింది?”

నూకరత్నం సంతకం పెట్టింది.

పరాంకుశం గారు అర్జీని రెండుసార్లు చదివారు. తన తీర్పు మొదటిసారి ఇంకొకరికి ఆధారమవుతోంది. ఆయన చేతి రాతతో ‘సరిగ్గా వర్తిస్తుంది’ అని రాసి పంపారు.

నూకరత్నం ప్రిన్సిపాల్‌గా చేరిన రోజు కాలేజీ గ్రౌండులో షామియానా వేశారు. ఆ కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త ప్రిన్సిపాల్ వస్తే నియామకపు ఉత్తర్వుని మైకులో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి. సీనియర్ అసిస్టెంటు సుబ్బలక్ష్మి గొంతు సవరించుకుంది. ఉత్తర్వులో ఏముందో ఆమె ముందుగా చూసుకోలేదు.

“‘…పాయువు విషయమున తీసుకొనిన నిర్ణయమును పూర్వోదాహరణముగా స్వీకరించి, శ్రీమతి నూకరత్నమును పాయువుతో సమానముగా పరిగణించుచు, నోటితో సమానుడగు శ్రీ భీమశంకరము కంటె సీనియర్‌గా…’”

గ్రౌండులో మొదట ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకమ్మాయి కిసుక్కుమంది. తరవాత షామియానా గుంజలు కూడా నవ్వినట్టనిపించింది. సుబ్బలక్ష్మికి ఆపడానికి అధికారం లేదు. చివరిదాకా చదివింది.

భీమశంకరం మైకు దగ్గరికి వచ్చాడు. రాజమండ్రి నుంచి అందుకోసమే వచ్చాడు.

“ఇన్నాళ్లూ నేనే సీనియర్నని తిరిగాను,” అన్నాడు. “ప్రభుత్వం నా స్థానం ఏమిటో చెప్పింది. బాధ లేదు. మాట్లాడే అధికారం మా దగ్గరే ఉంచింది. ఆ అధికారంతో, నోరు తరఫున, మేడమ్ గారికి స్వాగతం.”

నూకరత్నం లేచింది. ఏం మాట్లాడాలో రాసుకొచ్చిన కాగితం చేతిలో ఉంది. దాన్ని మడిచి పెట్టేసింది.

“థాంక్సండీ శంకరం గారూ. నోరు ఇంత బాగా పనిచేస్తుంటే నేను మాట్లాడటం రూలు కాదు,” అంది. ఈసారి పిల్లలతో పాటు ఆమె కూడా నవ్వింది.

సభ అయ్యాక సుబ్బలక్ష్మి ఆమె గదిలోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో ఉత్తర్వు ఉంది.

“మేడమ్, సారీ మేడమ్. ఇది నోటీసు బోర్డులో పెట్టాలని రూలు. వద్దంటే బీరువాలో పెట్టేస్తాను.”

“ఎన్ని రోజులు ఉంచాలి?”

“మీరు రిటైరయ్యేదాకా మేడమ్.”

నూకరత్నం కుర్చీ లాక్కుని, అందులో ఒకసారి సర్దుకుని కూర్చుంది.

“పెట్టండి,” అంది. “పక్కనే ఖాళీ ఉంటే ఆ పిండం పాఠం కూడా అంటించండి. పిల్లలు ఎలాగూ వచ్చి చదువుతారు. రెండు మార్కుల ప్రశ్న.”